ఆరో పీరియడ్

మంగళవారం

పొద్దున ఎనిమిదిన్నరకి బాబు స్కూల్లో ఏఆర్‌డీ మీటింగ్, అంటే వాడికి ప్రత్యేకంగా ఏం నేర్పాలో, ఏ సాయం ఇవ్వాలో బడివాళ్ళూ మేమూ కలిసి తేల్చుకునే సమావేశం. అమెరికాలో మిగతా రాష్ట్రాల్లో దీన్నే ఐఈపీ (ఒక్కో పిల్లాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగ్ అంటారు, మా టెక్సస్‌లో పేరు వేరు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న ప్రతి పిల్లాడికీ ఏడాదికి ఒక్కసారైనా జరిగి తీరాలి. లంచ్ బాక్స్ సర్దుతుంటే అత్తయ్య అడిగారు, "వాడికేమైందనమ్మా మీటింగు? లెక్కల్లో ముందుంటాడు కదా?" అని. ఏమీ కాలేదత్తయ్యా, చదవడం ఒక్కటే కష్టం, దాన్ని నేర్పే పద్ధతి వేరే ఉంది, అదెలా సాగుతోందో మాట్లాడుకుంటాం అని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మీ చినమావయ్య కూడా అంతే. పుస్తకం తెరిస్తే ఏడుపే. మాస్టారు కొడుతున్నాడని ఏడో తరగతిలో బడి మానేశాడు" అన్నారు. మా బాబు ఇప్పుడు ఏడో తరగతే.

మీటింగ్‌లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్, ఇంగ్లీషు టీచర్, స్పెషల్ ఎడ్ టీచర్, పరీక్షలు చేసిన డయాగ్నోస్టిషియన్ ఉన్నారు. టెస్టుల్లో ఎక్కువ టైమ్, పాఠాలు వినడానికి ఆడియో, స్పెల్లింగ్ తప్పులకి సైన్సులో మార్కులు తగ్గించకపోవడం, ఇవన్నీ చకచకా అయిపోయాయి. టైమ్‌టేబుల్ దగ్గరే చిక్కొచ్చింది. డిస్లెక్సియా, అంటే వాడికున్న ఈ చదవడంలో ఇబ్బంది, దానికి పెట్టిన క్లాసు ఆరో పీరియడ్‌లోనే ఉందట. వాడి బ్యాండ్ (వాద్య సంగీతం) క్లాసు కూడా ఆరో పీరియడే. "ఎలక్టివే కదా, ఇష్టమైతే తీసుకునే సబ్జెక్టు, బ్యాండ్ ఒక ఏడాది ఆపితే సరిపోతుంది" అన్నారు.

నాకు గుండె దడదడలాడింది. వాడు ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా వాయిస్తాడు. ఇంగ్లీషు క్లాసులో పైకి చదవమంటే చెమటలు పట్టే పిల్లాడు, బ్యాండ్ హాల్లో ముందు వరసలో కూర్చుంటాడు. స్నేహితులంతా అక్కడే. సాయం చేస్తామంటూ ఆ గంట లాగేసుకుంటే, ఆ సాయమే వాడికి శిక్ష అవుతుంది. రెండూ వాడికి రావలసినవే అని గట్టిగా చెప్పాను. చట్టమూ అదే అంటోంది. 1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పెట్టిన చట్టమే ఇప్పుడున్న ఐడియా (IDEA, వైకల్యమున్న పిల్లల చదువు చట్టం)కి మూలం. క్లబ్బులు, ఆటలు, క్లాసు బయటి కార్యక్రమాల్లో కూడా ఈ పిల్లలకి మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఉండాలని, అందుకు కావలసిన సాయం ఇవ్వాలని దాని కింది నిబంధనల్లో ఉంది.

ఇంకో టెన్షన్ ఇంగ్లీషు మార్కులది. వాడు డెబ్బై చుట్టూ ఊగుతుంటాడు. 1984 నుంచి టెక్సస్‌లో 'నో పాస్ నో ప్లే' చట్టముంది. ఏదైనా సబ్జెక్టులో 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకీ ప్రదర్శనలకీ వెళ్ళకూడదు, ప్రాక్టీసు మాత్రం చేసుకోవచ్చు. అయితే చదువుకి బాగా అడ్డొచ్చే వైకల్యమున్న పిల్లల విషయంలో, ఐఈపీలో రాసుకున్నది అందుకున్నాడా లేదా అన్నదాన్ని బట్టే ఆపాలని అదే చట్టం చెబుతోంది. ఈ వాక్యం చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. అందుకే ఐఈపీలో లక్ష్యాలు పిల్లాడు చేరుకోగలిగేలా, కొలవగలిగేలా రాయించుకోవడం నాకు ప్రాణమంత ముఖ్యం.

ఒప్పుకోకపోతే పది బడి రోజుల్లోపు మళ్ళీ కూర్చునే వీలుందని గుర్తు చేశాను. అక్కర్లేకపోయింది. కౌన్సెలర్‌ని పిలిపించారు, ఆవిడ లాప్‌టాప్‌లో అటూ ఇటూ జరిపి చూసి, టెక్నాలజీ ఎలక్టివ్ తీసేసి రెండో పీరియడ్‌లో డిస్లెక్సియా క్లాసు పెట్టారు. బ్యాండ్ ఉంది! వాడికిచ్చే సదుపాయాల కాగితం బ్యాండ్ డైరెక్టర్‌కీ ఇవ్వాలని రాయించాకే సంతకం పెట్టాను.

టెక్సస్‌లో ఏదీ నోటిమాటగా వదిలేయకూడదని నా నమ్మకం. 2004లో రాష్ట్ర విద్యాశాఖ ఒక లక్ష్యం పెట్టింది, స్పెషల్ ఎడ్‌లో పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టుగా. అప్పటికి దేశం సగటు 13 దగ్గర. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా అది నడిచింది, 2017లో గానీ చట్టం చేసి తీసేయలేదు. అన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు మా చినమావయ్యలా పుస్తకాన్ని చూసి ఏడ్చుంటారో తలుచుకుంటే కోపమొస్తుంది.

సాయంత్రం బస్‌స్టాప్ దగ్గర మా వీధిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి పక్కకి పిలిచింది. "అక్కా, మా పాపకి అక్షరాలన్నీ వచ్చు, కలిపి చదవమంటే రావట్లేదు. టీచర్ టెస్ట్ చేయిద్దామంటోంది. మా ఆయన వద్దంటున్నారు, రికార్డులో పడిపోతుందట, రేపు కాలేజీలవాళ్ళకి తెలిసిపోతుందట" అంది. గొంతు తగ్గించి చెప్పింది, చుట్టుపక్కల మనవాళ్ళే ఉన్నారని. గిఫ్టెడ్ (చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసు) టెస్టు గురించైతే గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటాం. రోబోటిక్స్, మ్యాథ్ పోటీలు, స్పెల్లింగ్ బీ, ఎవరు ఎందులో ఉన్నారో అందరికీ తెలుసు. చదవడం కష్టమైన పిల్లల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. గిఫ్టెడ్ క్లాసులోనూ డిస్లెక్సియా ఉన్న పిల్లలుంటారు, ఒకే పిల్లకి రెండూ ఇవ్వాల్సి రావచ్చు.

కాలేజీవాళ్ళు సీటిచ్చేముందు వైకల్యం ఉందా అని అడగడానికి చట్టం ఒప్పుకోదు, బడి రికార్డులకి 1974 నుంచి ఫెర్పా అనే గోప్యతా చట్టం రక్షణ ఉంది అని చెప్పాను. పరీక్షకి పైసా కట్టక్కర్లేదనీ చెప్పాను. ముఖం కొంచెం తేలికపడింది. వాళ్ళాయన్ని కూడా రమ్మంటే ముగ్గురం కూర్చుని ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ రాశాం. పాప పేరు, తరగతి, డిస్లెక్సియా అనుమానం, పూర్తి పరీక్ష కావాలన్న కోరిక, కింద తేదీ. అందిన 15 బడి రోజుల్లో స్కూలు లిఖితంగా జవాబివ్వాలి, మనం ఒప్పుకోలు సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి. ఆయన రెండుసార్లు చదివి, ఒక అచ్చుతప్పు దిద్ది, తనే సెండ్ నొక్కారు.