ఇంగ్లిష్ మాడిఫయర్లు నాకు ఎలా పట్టుబడ్డాయంటే (నా అనుభవం)

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ప్రిపేర్ అయ్యేటప్పుడు నన్ను బాగా సతాయించింది ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టుకోవడం), అందులోనూ మాడిఫయర్లు, అంటే వాక్యంలో ఇంకో మాట గురించి వివరం చెప్పే ముక్కలు. టైర్ 2లో (రెండో దశ పరీక్షలో) ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పు పెడితే 1 మార్కు కట్, కాబట్టి గుడ్డిగా టిక్ పెడితే కుదరదు. టెన్సులు, ఆర్టికల్స్ అయితే రూల్ చదివి ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తాయి, ఇది అలా కాదు, తప్పున్న వాక్యం కూడా మనకి శుభ్రంగానే వినిపిస్తుంది.

"వాకింగ్ టు ద బస్‌స్టాప్, ఎ డాగ్ బిట్ మీ" తీసుకోండి. మనసులో తెలుగులో అనుకుంటే "బస్టాప్‌కి నడిచి వెళ్తుంటే కుక్క కరిచింది", ఇందులో తప్పేముంది? నడిచిందెవరో చెప్పకపోయినా వినేవాళ్లకి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా నడవదు, కామా తర్వాత ఎవరి పేరు వస్తే ఆ పని వాళ్లదే, అంటే ఇక్కడ నడిచింది కుక్క! ఇది అర్థమయ్యాకే నాకు దారి దొరికింది. అప్పట్నుంచి వాక్యం మొదట్లో ఇంగ్ రూపం ("వాకింగ్" లాంటిది) కనిపిస్తే చాలు, కామా దగ్గర పెన్సిల్ ఆపి "ఎవరు?" అని అడిగేదాన్ని, జవాబు కామా పక్కనే లేకపోతే తప్పు అక్కడే. "వైల్ ఐ వాజ్ వాకింగ్" అని మారిస్తే సరిపోతుంది.

కామా తర్వాత పాసివ్ వస్తే ఇంకా అనుమానించాలి. "హ్యావింగ్ ఫినిష్డ్ ద హోంవర్క్, ద టీవీ వాజ్ స్విచ్డ్ ఆన్" అంటే హోంవర్క్ టీవీ చేసినట్టు. "బీయింగ్ ఎ సండే, ద బ్యాంక్ వాజ్ క్లోజ్డ్" కూడా ఇదే కోవ, ముందు "ఇట్" పెట్టి "ఇట్ బీయింగ్ ఎ సండే" అనాలి, ఈ మోడల్ ప్రాక్టీస్ పేపర్లలో తెగ కనిపిస్తుంది.

ఇంకో రకం, "హి సోల్డ్ ఎ కౌ టు ఎ మ్యాన్ విత్ ఎ బ్రోకెన్ హార్న్". కొమ్ము విరిగింది మనిషికా! తెలుగులో "కొమ్ము విరిగిన ఆవు" అని ముందే అతుక్కుని ఉంటుంది, ఇంగ్లిష్‌లో "విత్" ముక్క వెనకాల వస్తుంది కాబట్టి కొంచెం దూరం జరిగితే పక్కవాడికి తగులుకుంటుంది, దాన్ని తెచ్చి కౌ పక్కన పెట్టేయడమే.

ఒక్క జాగ్రత్త, "జనరల్లీ స్పీకింగ్", "కన్సిడరింగ్" లాంటివాటికి ఈ "ఎవరు?" టెస్ట్ పెట్టకండి, అవి అలాగే కరెక్ట్, ఆప్షన్లలో "నో ఎర్రర్" ఉంటే నిశ్చింతగా పెట్టేయొచ్చు, వాక్యంలో వేరే తప్పు లేకపోతే.