అది నీ హోంవర్క్ అమ్మా

"అది నీ హోంవర్క్ అమ్మా, నాది కాదు" అంది నా కూతురు. పోయిన వారం ఇక్కడ అమెరికాలో, మా బఫెలోలో మూడు రోజులు వరసగా మంచు కురిసి బడికి సెలవులిచ్చారు. స్నో డే వస్తే ఆ టైమంతా తెలుగుకే పెట్టాలని నాకు ఎప్పటినుంచో పట్టుదల, ఎందుకంటే తొమ్మిదేళ్లు నిండినా ఇంకా గుణింతాల దగ్గరే ఉంది. పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టాను. తనేమో సోఫాలో కాళ్లు మడుచుకుని, బడిలో నేర్చుకున్న అల్లిక ముందేసుకుని కూర్చుంది. 5 ఎంఎం సూదులు, పసుపుపచ్చ ఊలు, వరసకి 32 లూపులు. కళ్యాణదుర్గంలో ఉన్న అవ్వకి మఫ్లరట.

మూడోసారి పిలిచినప్పుడు ఆ మాట అంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టింది నేనే, కోపమొస్తే ఇంగ్లీషులోకి పోయేదీ నేనే. ఆ రోజూ అంతే, "ఎనఫ్" అని అరిచి చేతిలోది లాక్కున్నాను. సూది ఊడి నా చేతికొచ్చేసింది.

తను ఏడవలేదు. "కదలొద్దమ్మా, దారం లాగొద్దు" అంది మెల్లగా, తెలుగులోనే. సూది ఊడినంత మాత్రాన లూపులు విడిపోవని, దారం లాగితేనే ఒకదాని వెంట ఒకటి జారిపోతాయని నాకు అప్పటిదాకా తెలీదు. అన్నీ నోళ్లు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాయి. ఒక్కో దాంట్లోకి సూది దూర్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకటి మాత్రం రెండు వరసలు కిందికి జారి, ఆ పోగులు నిచ్చెన మెట్లలా కనబడ్డాయి. క్రోషే సూదితో మెట్టు మెట్టూ పైకి లాగి దాన్నీ ఎక్కించింది. ఆ ఓర్పు నేను నేర్పింది కాదు.

ఊలంటే నాకు మా జేజి ఇచ్చిన కంబళే గుర్తొస్తుంది. మా వైపు కురుబలు గొర్రెబొచ్చు వడికి, పడుగుకి చింతగింజల గంజి పెట్టి నేసే నల్ల కంబళి. కొత్తదైతే ఒళ్లంతా గుచ్చుతుంది, తడిస్తే గొర్రె వాసనొస్తుంది. అనంతపురం హాస్టల్‌కి పోయేటప్పుడు జేజి దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెడితే, ఫ్రెండ్స్ ముందు నామోషీ అని తీసేసి వచ్చాను. జేజి చూసింది, ఒక్క మాట అనలేదు. ఈ సంగతి నా కూతురికి ఇప్పటికీ చెప్పలేదు. ఆ రోజు నాకొద్దని నేనే వదిలేసి వచ్చి, ఇప్పుడు నా ఊరి అక్షరాలు నీకు కావాల్సిందేనని దాని మీద అరుస్తున్నాను.

పిల్లలు ఇంట్లో చిక్కుకున్న రోజుల్లో పాఠాలు పెట్టొద్దని, వాళ్ల చేతిలో ఏ పని ఉంటే దాని పక్కన కూర్చుని తెలుగు మాట్లాడితే చాలని చెబుదామనే ఇది రాయడం మొదలుపెట్టాను. మర్నాడు నేనూ అదే చేశాను. పక్కన కూర్చుని ఒకటి, రెండు, మూడు అని లూపులు పైకి లెక్కపెట్టాను. "నువ్వు మాట్లాడితే నా లెక్క తప్పిపోతుందమ్మా, ప్లీజ్" అంది. తను మనసులో ఇంగ్లీషులో లెక్కపెట్టుకుంటోంది. నేను ఊరుకున్నాను. ఇలా వదిలేస్తే పెద్దయ్యాక "అప్పుడే గట్టిగా నేర్పి ఉండాల్సింది" అంటుందేమో, గట్టిగా పట్టుకుంటే తెలుగు పేరెత్తితేనే ఆ రోజు నా అరుపు గుర్తొస్తుందేమో. రెండింటికీ భయంగానే ఉంది.

సాయంత్రం వీడియో కాల్‌లో అవ్వకి మఫ్లర్ చూపించింది. అక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయి, ఈ ఎండల్లో ఊలెందుకు తల్లీ అంటుందేమోనని నాకు టెన్షన్. మా అమ్మ ఫోన్ కళ్ల దగ్గరికి పెట్టుకుని, "ఏదీ, కొంచెం తిప్పు, ఆ పక్క చూపించు" అంది. జారిన చోట అల్లిక ఇంకా కొంచెం వదులుగానే ఉంది. అమ్మ కళ్లు అక్కడే ఆగాయి. "ఇక్కడేమయిందే?"

నా కూతురు ఒకసారి నా వైపు చూసింది.

"జారిపోయింది అవ్వా, మళ్లీ ఎక్కించేశా" అంది.