అన్నయ్య మారాడని నేనెలా నమ్మానంటే

దగ్గు మొదలైనప్పుడు మిర్చి ఘాటే అనుకున్నాం. గుంటూరు పక్కన మా ఊళ్లో కల్లాల్లో కాయలు ఆరబోసే రోజుల్లో దగ్గని ఇల్లుండదు. ఎండలు ముదిరినా తగ్గలేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసిపోయేది, జాకెట్లన్నీ వదులైపోయాయి. ఆశా వర్కర్ పట్టుబట్టి తెమడ పరీక్ష చేయించింది. ఊపిరితిత్తుల టీబీ.

మందులు ఆరు నెలలు వాడాలన్నారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు కలిపిన బిళ్లలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలవి. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు, లేకపోతే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. తిండి కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తుంది, అది గుడ్లకీ పాలకీ సరిపోయేది. రోజూ ఎదురుగా ఉండి మందు మింగించే మనిషి ఒకరు కావాలన్నారు. మా ఆయన తెల్లారకముందే మిర్చి యార్డుకి వెళ్లిపోతారు.

అన్నయ్య వస్తానన్నాడు.

మా ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. అమ్మ నాకిచ్చిన అరెకరం కౌలు డబ్బులు అన్నయ్యే వాడుకున్నాడు. అడిగితే పదిమందిలో నానా మాటలన్నాడు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చినప్పుడు మొదలైన లూథరన్ క్రైస్తవ సంఘం మాది. ఆరాధనలో పాపపు ఒప్పుకోలు అందరం గొంతు కలిపి చెబుతాం. అన్నయ్యా చెప్పేవాడు, నేనూ చెప్పేదాన్ని. ఇద్దరం అదే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం తీసుకుని, ఎవరి దారిన వాళ్లం ఇంటికెళ్లేవాళ్లం.

ఈస్టర్ ముందు జరిగే శ్రమదినాల కూటాల్లో అన్నయ్య మోకాళ్ల మీద పడి ఏడ్చాడని వదిన చెబితే నేను నమ్మలేదు. ఆ కూటాల్లో ఏడ్చి, ఈస్టర్ దాటగానే మామూలైపోయినవాళ్లని ఎంతమందిని చూడలేదు!

అన్నయ్య వచ్చిన రోజు నేను మూతికి గుడ్డ కట్టుకుని మంచం మీదున్నాను. తను గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయీ, నీ డబ్బు తిన్నాను. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను గానీ, నీ దగ్గర ఒప్పుకోకపోతే అది ఒప్పుకోలే కాదు," అన్నాడు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం నా చేతిలో పెట్టాడు. ఏ ఏడు కౌలు ఎంతో వరసగా రాసి, మొత్తం వేసి, దాని కింద ఐదో వంతు కలిపాడు. బైబిల్లో సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో అలాగే ఉంది: తప్పు ఒప్పుకోవాలి, అసలు తిరిగివ్వాలి, ఐదో వంతు చేర్చివ్వాలి.

"క్షమించాను" అనే మాట ఆ రోజు నా నోటికి రాలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చేవాడు. నీళ్ల గ్లాసు పట్టుకుని నేను మింగేదాకా నిలబడి, క్యాలెండర్ మీద టిక్కు పెట్టి వెళ్లేవాడు. మొదట్లో మింగిన కాసేపటికే వాంతులయ్యేవి. తిన్న కంచం కూడా తీసెరగని మనిషి, ఆ బేసిను పెరట్లోకి తీసుకెళ్లి ఫినాయిల్ పోసి కడిగి, బోర్లించి వచ్చాడు. ఒక రోజు చేసి వదిలేస్తే పేరు కోసం అనుకునేదాన్ని. వాంతులు తగ్గేదాకా ఆ బేసిను నన్ను ముట్టుకోనివ్వలేదు.

రెండు నెలలకి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. ఇక ఈ బిళ్లలెందుకని విసుక్కున్నాను. దగ్గు తగ్గినా లోపల క్రిములుంటాయి, మధ్యలో ఆపితే మొండికేస్తాయి, ఈ మందులకి లొంగవు. "దగ్గు పోతే జబ్బు పోయినట్టా? నేను ఏడ్చినంత మాత్రాన మారినట్టేనా?" అన్నాడు అన్నయ్య. ఆ మాటతో నా మనసు కదిలింది.

ఆ రాత్రి లూకా 19వ అధ్యాయం తీశాను. యేసుని చూడాలని చెట్టెక్కిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నదే మనకు గుర్తుంటుంది. కానీ యేసు ముందు అతన్ని చెట్టు దిగమని, ఇవాళ నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. లెక్కలు తేలాక రాలేదు ఆయన. పొద్దున అన్నయ్య నీళ్లిస్తుంటే, "నిన్ను క్షమించాను అన్నయ్యా," అన్నాను. అప్పటికి ఆ కాగితం మీది డబ్బులో ఒక్క వాయిదా కూడా అందలేదు. తను గ్లాసు కింద పెట్టేసి భోరున ఏడ్చాడు. ఈసారి నేను నమ్మాను.

ఆరు నెలలయ్యాక తెమడలో క్రిములు లేవని తేలింది. పోయిన బరువు తిరిగొచ్చింది.

క్షమించానన్నాక డబ్బు వదిలేయొచ్చుగా అని సంఘంలో కొందరన్నారు. నేను వదల్లేదు, అన్నయ్యా వదలమనలేదు. మారుమనస్సుకు తగిన ఫలాలు చూపిస్తున్న మనిషికి అడ్డం పడడం నాకు ఇష్టం లేదు. కాయలు అమ్మినప్పుడల్లా వాయిదా తెస్తాడు, కాగితం మీద ఇద్దరం సంతకం పెడతాం. ఆ అరెకరం నా పేర రాయించడానికి వచ్చే నెల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తున్నాం.