స్కౌట్ డ్రెస్సుకి డబ్బులు దండగా?

జూన్ వచ్చిందంటే బెంగళూర్లో పిల్లలున్న ఇళ్ళన్నిటికీ చిక్‌పేట బట్టల బజారులో పని పడుతుంది. స్కూల్ యూనిఫామ్, హౌస్ టీషర్టు, పీటీ షూస్, ఇవన్నీ అయిపోయి హమ్మయ్య అనుకునేలోపు పిల్లోడొచ్చి నేను స్కౌట్స్‌లో చేరతా అంటాడు, అంటే ఇంకో జత బట్టలు. మా లేఔట్‌లో మన తెలుగోళ్ళు బాగానే ఉన్నారు, వారానికో గంట క్లాసుకి స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, టోపీ, బెల్టు, స్కార్ఫు ఇన్ని కావాల్నా అని ప్రతి ఏడూ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. నేను అప్పుడప్పుడు స్కౌట్ క్యాంపులకి సాయంగా పోతుంటా కాబట్టి అందరూ నన్నే పట్టుకుంటారు.

నా మాట ఒకటే. స్కార్ఫూ బ్యాడ్జీ ముఖ్యం, మిగతావి నిదానంగా కొన్నా కొంపలేం మునగవు.

ఇది నా సొంత పైత్యం కాదండీ. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ అనే దీవిలో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ మొదటి క్యాంపు పెట్టినప్పుడు ఇరవై మంది దాకా మగపిల్లలు వచ్చారు, కొందరేమో ఈటన్, హారో లాంటి డబ్బున్నోళ్ళ స్కూళ్ళ వాళ్ళు, మిగతావాళ్ళు పూల్, బోర్న్‌మత్ ఊళ్ళలో మామూలు ఇళ్ళ పిల్లలు. అప్పటికి తలనుంచి కాలిదాకా ఇదీ స్కౌట్ డ్రెస్సు అనేదే లేదు. వాళ్ళకిచ్చింది ఒక ఖాకీ స్కార్ఫు, ఒక ఇత్తడి బ్యాడ్జీ, భుజం మీద ఏ జట్టో తెలియడానికి రంగు ముడి, ఎద్దులు అనే జట్టుకి ఆకుపచ్చ, తోడేళ్ళు అనే జట్టుకి నీలం అట్లా. ముడులు వేయడం, జాడ పట్టడం లాంటి పరీక్షలు పాసైతే ఇంకో ఇత్తడి బ్యాడ్జీ. అంతే, దాంతోనే పని నడిచింది.

మన ఊరికి కూడా ఇందులో పాత లెక్క ఉంది. ఇండియాలో మొదటి స్కౌట్ ట్రూపు మొదలైంది ఇక్కడే, 1909లో, బిషప్ కాటన్ బాయ్స్ స్కూల్లో. కానీ మొదట్లో తెల్లోళ్ళ పిల్లలూ ఆంగ్లో ఇండియన్ పిల్లలే, మనోళ్ళకి ఎంట్రీ లేదు. యూనిఫామ్ వేస్తే పేదా గొప్పా తేడా కనబడదు అని బేడెన్ పావెల్ చెప్పుకున్నాడు గానీ ఆ చొక్కా ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో అనే దగ్గరే తేడా మొదలైపోయింది చూడండి. తర్వాత 1916లో అనీబిసెంట్ మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టించింది, వాళ్ళకి టోపీ బదులు తలపాగా పెట్టారట. స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యింది 1950లో.

సరే స్కార్ఫు సంగతికొస్తా, ఎందుకంటే జనం దాన్ని మెడలో అలంకారం అనుకుంటారు. అది మూడు మూలల గుడ్డ, రెండు వైపులా 70 నుంచి 80 సెంటీమీటర్లు, చుట్టి మెడలో వేసి ముందర వాగుల్ అనే చిన్న రింగుతో బిగిస్తారు. విప్పితే కట్టుగుడ్డ. ఒకసారి క్యాంపులో ఒక పిల్లోడు బండమీంచి జారి మణికట్టు పట్టుకుని కూర్చుంటే మేం ఫస్ట్ ఎయిడ్ బాక్స్ యాడుందిరా అని వెతుకుతున్నాం, వాళ్ళ జట్టు లీడరు, ఏడో క్లాసు వాడు, తన స్కార్ఫు విప్పి మడిచి చెయ్యికి ఊయల కట్టేసి మెడ పక్కన రీఫ్ నాట్ అనే జారని ముడి వేసేశాడు, మేమొచ్చేసరికి ఇద్దరూ మిక్చర్ తింటున్నారు. కండువా మన తాతలకి ఎన్ని పనులకొచ్చేదో ఇదీ అంతే.

నాకు ఒళ్ళు మండేది ఇంకోటి. కొన్ని స్కూళ్ళలో స్కౌట్స్ అంటే ఆగస్టు 15, జనవరి 26, చీఫ్ గెస్ట్ వచ్చిన రోజు. డ్రెస్సు నీటుగా ఇస్త్రీ చేయించి పిల్లల్ని గేటు దగ్గర ఎండలో రెండు గంటలు నిలబెడతారు, పూల పళ్ళెం పట్టుకోమంటారు, ఫోటో అయ్యాక ఇంటికి పంపిస్తారు. ముడి ఒక్కటి నేర్పించరు. అట్లాంటి చోట డ్రెస్సుకి ఖర్చెందుకు అని అడిగే తల్లిదండ్రులది ఏ తప్పూ లేదు, నేను కూడా వాళ్ళ వైపే.

ఇంకా ఘోరం, చొక్కాతో పాటే బ్యాడ్జీలు కూడా కుట్టేసి ఇచ్చే అంగళ్ళు చూశా. మెంబర్‌షిప్ బ్యాడ్జీ అనేది ప్రవేశ్ అనే మొదటి మెట్టు పాసయ్యి, అందరి ముందర ప్రమాణం చేశాక పెట్టుకోవాల్సింది. అది రెడీమేడ్‌గా వచ్చేస్తే ఆ పిల్లోడు దేనికోసం నేర్చుకోవాల? మీకు అట్లా ఇస్తే కుట్లు విప్పించి మాస్టారుకి ఇచ్చేయండి, పరీక్ష అయ్యాక ఆయనే పెడతాడు. చొక్కా విషయంలో మాస్టారుని అడగండి, పై క్లాసు పిల్లలకి పొట్టైపోయినవి చాలాచోట్ల దొరుకుతాయి, కొత్తది కొనాల్సొస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి.