బ్రండిల్‌ని తక్కువ చేసి మాట్లాడొద్దు

ఎఫ్1 (ఫార్ములా 1 కార్ల రేసింగ్)లో 158 రేసులు, ఒక్క గెలుపూ లేదు అని బ్రిటిష్ మాజీ డ్రైవర్ మార్టిన్ బ్రండిల్‌ని తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండుద్ది. 1983లో ఎఫ్1కి కింది మెట్టైన బ్రిటిష్ ఎఫ్3లో, తర్వాత ఎఫ్1 చాంపియన్ అయిన సెన్నాకి చివరి రేసు దాకా చుక్కలు చూపించినోడు, 1988లో జాగ్వార్‌తో వరల్డ్ స్పోర్ట్స్‌కార్ చాంపియన్, 1990లో లె మాన్స్ 24 గంటల రేసు కూడా కొట్టాడు, ఏ బండి ఇచ్చినా తోలేసే రకం.

1996 మెల్‌బోర్న్ ఎఫ్1 రేసు చూడండి. మొదటి ల్యాప్‌లోనే ఈయన తోలుతున్న జోర్డాన్ టీమ్ కారు గాల్లోకి లేచి రెండు ముక్కలైపోయింది, మనిషి అందులోంచి బయటికొచ్చి, పిట్స్‌కి (టీముల గ్యారేజీల దగ్గరికి) పరుగెత్తి, డాక్టర్‌తో ఓకే అనిపించుకుని స్పేర్ కారెక్కి, ఆగిన రేసు రీస్టార్ట్‌కి రెడీ!

1997లో బ్రిటన్ టీవీ చానెల్ ఐటీవీలో పేరున్న కామెంటేటర్ ముర్రే వాకర్ పక్కన కామెంటరీకి కూర్చున్నాడు, అదే ఏడాది సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో గ్రిడ్ వాక్ (స్టార్ట్‌కి కార్లు వరసగా నిలబడే చోట నడుస్తూ ఇంటర్వ్యూలు చేయడం) మొదలెట్టాడు. రేసుకి ముందు ఆ జనంలో మైకు పట్టుకుని దూరిపోతాడు, ఎవరు పట్టించుకోకపోయినా ఏమీ అనుకోడు, నెక్స్ట్ మనిషి దగ్గరికి పోతాడు. పటమటలో మా ఫ్రెండ్స్ అందరం యూట్యూబ్‌లో ఆ క్లిప్పులే చూస్తాం, క్రికెట్ తప్ప ఇంకోటి తెలీని మా బావ కూడా ఇప్పుడు టైర్ల గురించి అడుగుతున్నాడు. డ్రైవర్ బ్రేక్ ఎందుకు లేటుగా వేశాడో ఈయన చెప్తే ఎవరికైనా అర్థమైపోద్ది, తనూ ఆ సీట్లో కూర్చున్నోడే కదా మరి.