కారంపూడిలో చాపకూడు, బస్సులో పెద్దమ్మ

గుంటూరులో మాచర్ల బస్సు కిటకిటలాడుతోంది. సత్తెనపల్లి దాకా నిలబడే వెళ్లాను. పల్నాటి యుద్ధంలో పడ్డ వీరుల పేరిట కారంపూడిలో చేసే పల్నాటి వీరుల ఉత్సవాలు కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాకు మందపోరు చూడాలని ఉంది. చాపకూడు ఆ రోజే. పన్నెండో శతాబ్దంలో పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ పంక్తిలో ఒక్కసారి కూర్చోవాలని నా కోరిక.

సత్తెనపల్లిలో సీటు దొరికింది. పక్కన ఒక పెద్దమ్మ, ఒళ్లో సంచి, చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు. ఆడవాళ్లకు ఉచితం కదా, జీరో టికెట్టు మడిచి కొంగున ముడేసుకుంది. తిరునాళ్లకా అని అడిగితే, "తిరునాళ్లకీ, ఊళ్లోవాళ్లు కనపడతారేమోననీ నాయనా" అంది. ఊరు కారంపూడికి దగ్గరే. కానీ ఇప్పుడు ఉంటున్నది గుంటూరులో. ఆమె, కోడలు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తారు. కొడుకు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోస్తాడు.

2024 ఎన్నికల గొడవల్లో ఊరు వదిలారట. ఆ మే నెల నాకు గుర్తుంది. పోలింగ్ అయిన మర్నాడు కారంపూడిలో కొట్లాట, పల్నాడంతా 144 సెక్షన్. అంతకుముందు 2019లో ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల కోసం గుంటూరులో శిబిరమే పెట్టాల్సి వచ్చింది. అప్పుడు వెళ్లినవాళ్ల జెండా వేరు. ఈమెది ఏ జెండా అని నేను అడగలేదు.

"మరి ఇల్లు?" అన్నాను.

"ఇల్లు యాడికి పోద్ది, అట్టానే ఉంది. చేనే లేదు. మాది కౌలు. ఆసామి మంచోడే. మీకిస్తే నాకు మాటొస్తది అంటన్నాడు."

ఆ మాటతో నా ఆలోచన బెజవాడకు మళ్లింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తుకు 10,000 సాయం ఇచ్చారు. ఎంత తిట్టుకున్నా, నీళ్లు తీశాక జనం ఇళ్లకు తిరిగొచ్చారు. ఇక్కడ గోడకు పగులు కూడా లేదు, మనుషులే రాలేకపోతున్నారు. దీనికి నష్టం రాసుకునే రిజిస్టరు ఎక్కడుంది? కౌలు కార్డు తీసుకుందామన్నా భూయజమాని సంతకం కావాలి. పెద్దమనుషులు ఒకసారి రాజీకి కూర్చున్నారట. రెండు వైపులా భూములున్న మగవాళ్లనే పిలిచారు. "మమ్మల్నెవరు పిలుస్తారు" అంది పెద్దమ్మ, కోపం లేకుండా. కోపం నాకొచ్చింది.

పిడుగురాళ్ల సున్నం బట్టీల దుమ్ములో దిగి, షేర్ ఆటోలో కారంపూడి చేరాం. తిరునాళ్లని మనిషికి వంద అన్నాడు, మామూలు రోజుల్లో ఇంత ఎక్కడుంటుంది? పెద్దమ్మ డబ్బు కూడా ఇవ్వబోతే ఆమె ఒప్పుకోలేదు.

నాగులేటి వైపు కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, ఎత్తుకుని వెళ్లే జనం, డప్పులు, చెవులు పగిలే మైకులు. చాపకూడు దగ్గర ముందు వరసలు నాయకులతో, కెమెరాలతో నిండిపోయాయి. మేం వెనక కూర్చున్నాం. వేడి అన్నం, పప్పు. నా ఎడమ పక్క వీరాచారం పాటించే, అంటే ఆ వీరులనే దేవుళ్లుగా కొలిచే, ముసలాయన, కుడి పక్క పెద్దమ్మ. ఎదురు పంక్తిలో ఆమె ఊరివాళ్లు ముగ్గురు. ఇద్దరు తల తిప్పుకున్నారు. మూడో ఆవిడ మాత్రం వడ్డన అయ్యేదాకా చూసి, "కోడలికి ఒంట్లో బాగుందా అక్కా?" అని గట్టిగా అడిగింది. తర్వాత పింఛను మాటలు. ఒకటో తారీఖున 4,000 తీసుకోవడానికి పెద్దమ్మ ఊరికి వస్తూనే ఉందట, తీసుకున్న గంటలో తిరుగు బస్సు.

సాయంత్రం వీర్లగుడి దగ్గర వీరవిద్యావంతులు, పల్నాటి కథ పాడేవాళ్లు, కథ అందుకున్నారు. యుద్ధం చివర్లో బ్రహ్మనాయుడు రాజ్యం ప్రత్యర్థి నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లిపోతాడు. పెద్దమ్మ ఈ కథ ఎన్నిసార్లు విన్నదో.

"అంతమంది చచ్చిపోయినాక చేలు ఎవరు దున్నారో చెప్పరేంది నాయనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏడాదికొక పూట పంక్తి కలవడం చిన్న సంగతని నేననుకోను. ఎదురు పంక్తిలోని ఆ పలకరింపును నా చెవులతో విన్నాను. కానీ ఆ రాజీలో కౌలుదారులను, ఆ ఇళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టకపోతే, ఆసామికి మాట రాకుండా ఊరి పెద్దలు అడ్డం నిలబడకపోతే, ఈ కుటుంబం గుంటూరులోనే తొడిమలు తీస్తుంది.

చివరి బస్సు దాకా ఆగకుండా బయల్దేరాను. ఆమె ఆ రాత్రి పలకరించిన ఆవిడ ఇంట్లో పడుకుంటానంది. ఫోన్ నంబరు రాయించుకుని, "ఉగాది లోపల కౌలు మాట్లాడుకోవాల. కారంపూడి పక్కన ఎవరన్నా తెలిసినవాళ్లుంటే చెప్పు నాయనా, రెండెకరాలు చాలు" అంది.