ఏడు వేల కిలోమీటర్లకే నూనె కార్చిన షాక్ అబ్జార్బర్లు

విజయనగరంలో కాపురముంటూ చీపురుపల్లి దగ్గరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే నాకు రోజూ రానుపోను 60 కిలోమీటర్లకు పైగా కారు నడపక తప్పదు. గుర్ల, గరివిడి మీదుగా పాలకొండ వైపు సాగే ఆ రోడ్డు సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. బరువు లారీలు నలిపిన చోట తారు అలల్లా లేచి ఉంటుంది, వాన కురిసిన మర్నాడు నిన్నటి గుంత పక్కన కొత్త గుంత కనిపిస్తుంది. అయితే ఈ టపా రోడ్డు మీద ఫిర్యాదు కాదు. రోడ్డు ఎప్పుడూ అలాగే ఉంది, మారినది కారు కింద బిగించే సామాను.

2013లో కొన్న నా చిన్న డీజిల్ కారుకు కంపెనీ నుంచి వచ్చిన ముందు షాక్ అబ్జార్బర్లు 88 వేల కిలోమీటర్లు నడిచాయి. 2019లో వాటికి బదులుగా, చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్ములతో సహా, బయటి మార్కెట్‌లో పేరున్న ఒక కంపెనీ సామాను వేయించాను, అవి 58 వేలు నడిచాయి. ధరలో ఉన్న తేడాకు అది న్యాయమైన ఆయుర్దాయమే అనుకున్నాను. అందుకే 2024 ఆగస్టులో మళ్ళీ ఆ కంపెనీవే, ఆ పార్ట్ నంబరువే, 28 శాతం జీఎస్టీతో సహా బిల్లు తీసుకుని కొన్నాను. రెండు షాక్ అబ్జార్బర్లతో పాటు రెండు లోయర్ ఆర్ములు కూడా ఆ పెట్టెల్లోనే వచ్చాయి. సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చేసరికి, అంటే ఏడు వేల చిల్లర కిలోమీటర్లకే, ఎడమవైపు షాక్ అబ్జార్బరు ఒళ్ళంతా నూనెతో తడిసి, దానికి దుమ్ము పట్టి నల్లగా ముద్దకట్టి ఉంది.

వృత్తిరీత్యా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. గుంతలో పడినప్పుడు దెబ్బను తీసుకునేది స్ప్రింగు. షాక్ అబ్జార్బరు పని ఆ తరువాత మొదలవుతుంది. ఒకసారి నొక్కి వదిలిన స్ప్రింగు తనంతట తాను ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగులాటలోని శక్తిని, పిస్టన్‌లోని సన్నని రంధ్రాల గుండా నూనెను బలవంతంగా నెట్టి, వేడిగా మార్చి బయటకు వదిలేయడమే షాక్ అబ్జార్బరు చేసే పని. ఇదంతా పిస్టన్ రాడ్డు మీది క్రోమ్ పూత నునుపు మీద, దానిని ఒరుసుకుంటూ ఉండే వేలెడు వెడల్పు లేని ఆయిల్ సీలు మీద ఆధారపడి ఉంటుంది. పూత గరుకుగా ఉన్నా, పలచగా ఉండి తుప్పు చుక్క లేచినా, ప్రతి కుదుపుకూ అది ఆకురాయిలా సీలును కోసేస్తుంది. నూనె పోయిన తరువాత మిగిలేది ఒక ఇనుప గొట్టం. చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా గెంతుతూ పోతుంది, టైరు చుట్టూ దోసిళ్ళు తవ్వినట్టు అక్కడక్కడ అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. దీనిని ప్రయాణ సుఖానికి సంబంధించిన విషయంగా చూసేవారు ఈ చివరి ముక్క గుర్తుంచుకోవాలి.

ఎత్తు బ్రిడ్జి దాటిన తరువాత ఒక రేకుల షెడ్డులో పనిచేసే మా మెకానిక్కు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. బండిని జాకీ మీద లేపి, కింద దూరి, లైటు వేసి చూసి, బయటకు వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. షాక్ అబ్జార్బరు ఒక్కటే కాదు, రెండు లోయర్ ఆర్ముల వెనక బుష్‌లు, అంటే ఆర్ము కీలులో ఉండే రబ్బరు తొడుగులు, కూడా చిరిగి, రబ్బరు లోపలి ఇనుప గొట్టాన్ని వదిలేసి ఉంది.

తప్పు బిగింపులో ఉందేమోనని నేను అడగక తప్పలేదు. రబ్బరు బుష్ ఉన్న ఆర్మును చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే బతుకంతా పనిచేసి త్వరగా చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే చివరి బిగింపు ఇవ్వాలి. చాలా షెడ్లలో ఈ జాగ్రత్త పాటించరు. వాడికి కొంచెం మనసు నొచ్చుకుంది.

"నాను బండి దించినాకే బిగించినాను మాస్టారూ. మీరు పక్కనే కుర్చీలో కూకుని సూసినారు కదండి. నా పని తప్పయితే ఒప్పుకుంటాను. ఆ రబ్బరు నాను పోసినాను ఏటండి?" అన్నాడు.

నిజమే, నేను చూశాను. ఆ రోజు బండిని దించి, నలుగురు కుర్రాళ్ళను ముందు బంపరు మీద కూర్చోబెట్టి మరీ వాడు కిందికి దూరాడు. అంత అవసరం లేదు కానీ వాడి పద్ధతి అది.

ఆ షెడ్డు వెనక పాత ఇనుము పోగులో 2019 నాటి మా కారు ఆర్ములు ఇంకా పడి ఉన్నాయి. పాత సామాను వెంటనే అమ్మేయని మెకానిక్కుల అలవాటు ఒకోసారి మేలు చేస్తుంది. పాతదానిని, కొత్తదానిని పక్కపక్కన పెట్టి చూస్తే పార్ట్ నంబరు ఒకటే, అచ్చు ఒకటే, రంగు మాత్రం కొత్తదే ఎక్కువ నిగనిగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. మర్నాడు బడి ప్రయోగశాల నుంచి స్క్రూ గేజి తెచ్చి, రంగు గీకి రేకు మందం కొలిచాను. పాత ఆర్ముది సుమారు 3 మిల్లీమీటర్లు, కొత్తదానిది రెండున్నరకు కొంచెం తక్కువ. అయిదేళ్ళు నడిచిన బుష్ రబ్బరు గోటితో నొక్కితే ఇప్పటికీ దిగి తిరిగి లేస్తోంది. అయిదు నెలల రబ్బరు మాత్రం గీకితే పొడిగా రాలింది. ఒక జతను కొలిచి ఒక పరిశ్రమ మీద తీర్పు చెప్పకూడదని నా పిల్లలకు నేనే నేర్పుతాను. కానీ ఈ జత నావి, డబ్బు నాది, అవి బిగించిన కారులో కూర్చునేది మా ఇంటివారు.

నకిలీ సామాను అయి ఉంటుందని మొదట అందరూ అన్నారు. పెట్టె తెచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ప్యాకేజీ సరుకుల మీద 2011 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం తయారీదారు, ప్యాకర్ లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన నంబరు పెట్టె మీద ఉండాలి. ఇవన్నీ ఉన్నాయి. తేడా ఒక్కటే. పాత పెట్టె మూత నా దగ్గర ఇంకా ఉంది, అందులో మేకులు దాచుకుంటాను. దాని మీద ఆ కంపెనీ సొంత కర్మాగారం చిరునామా ఉంది. కొత్తదాని మీద తయారు చేసినవారుగా వేరే ఎవరి పేరో ఉంది, అమ్ముతున్నవారు మాత్రం ఈ కంపెనీ. అంటే పేరు పాతదే, పోత పోసిన చెయ్యి వేరు. ఇలా చేయించుకోవడం నేరం కాదు, ఎంతో మంది చేస్తారు. అయితే పేరును నమ్మి కొన్నవాడికి ఈ సంగతి చీమ తలకాయంత అక్షరాల్లో తప్ప ఎక్కడా తెలియదు.

వారంటీ ఏడాది లేదా 20 వేల కిలోమీటర్లు. కొన్న దుకాణం యజమాని మర్యాదగానే మాట్లాడి, తాను విశాఖపట్నం డిస్ట్రిబ్యూటరు దగ్గర తెస్తానని, వారు ఒప్పుకుంటే తప్ప తాను మార్చి ఇవ్వలేనని చెప్పాడు. డిస్ట్రిబ్యూటరు కంపెనీ నంబరుకు ఫోన్ చేయమన్నారు. ఆ నంబరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ పలుకుతుంది. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి సరిపోయింది, మా మెకానిక్కు చేసి ఉంటే రెండో బటను దగ్గరే ఆగిపోయేవాడు.

మొదటి ఫోన్‌లో ఫోటోలు పంపమన్నారు, పంపాను. రెండోసారి బ్యాచ్ నంబరు అడిగారు. అది షాక్ అబ్జార్బరు ఒంటి మీద అంటించిన కాగితం మీద ఉంటుంది. చక్రం పక్కన, బురదలో తిరిగే భాగానికి కాగితం అంటించినవారే తరువాత దానిని చదివి చెప్పమనడంలోని తెలివి నాకు అర్థం కాలేదు. అదృష్టవశాత్తూ కుడివైపు దాని మీద సగం మిగిలింది, దానిని చూసి అది తమ సరుకేనని వారే నిర్ధారించారు. నకిలీ మాట అక్కడితో పోయింది. మూడోసారి మాట్లాడినవారు "మీరు ఎలాంటి రోడ్ల మీద నడుపుతారు?" అని అడిగారు. ఉన్న రోడ్ల మీదే నడుపుతానని చెప్పాను. రోడ్డు బాగా లేకపోవడం వల్ల కలిగిన నష్టం వారంటీలోకి రాదని సమాధానం వచ్చింది. నున్నటి రోడ్డు మీదే నిలిచే షాక్ అబ్జార్బరు నీడలోనే పనికివచ్చే గొడుగు లాంటిదని అనబోయి మానుకున్నాను, అవతల ఉన్నది జీతానికి కాగితం చూసి చదివే కుర్రవాడు. నాలుగోసారి, సామాను బిగించిన గ్యారేజీ జీఎస్టీ బిల్లు కావాలన్నారు. రేకుల షెడ్డుకు జీఎస్టీ ఎక్కడిది? మా వాడు ఇచ్చిన బిల్లు క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసినది.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధించినది ఆ చివరి ప్రశ్నే. వారంటీ అంటే, అన్నీ ఒప్పుకున్నా, సామానుకు సామాను. విప్పి, స్ప్రింగును కంప్రెసరుతో బిగించి, కొత్తది ఎక్కించి, అలైన్‌మెంటు చేయించే కూలి ఎవరూ ఇవ్వరు. ఒకసారి మా వాడికి 1,200 రూపాయలు ఇచ్చాను. రెండోసారి విప్పినప్పుడు వాడు తీసుకోలేదు, "మీరు రెండుసార్లు ఎందుకు ఇవ్వాలండి" అన్నాడు. కంపెనీ రబ్బరులో మిగుల్చుకున్న పది రూపాయలకు ఇక్కడ ఒక మనిషి ఒక పూట పనిని వదులుకున్నాడు. ఇనుప పట్టీలు పేర్చి కట్టే కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) కాలంలో ఈ పరిస్థితి లేదు. లారీలకు పేరుపడ్డ సాలూరులో ఇప్పటికీ పట్టీ విరిగితే పట్టీ మార్చి, వంపు తగ్గితే కొలిమిలో కాల్చి వంపు తిప్పి ఇస్తారు, తేడా వస్తే అడగడానికి ఆ మనిషి ఎదురుగానే ఉంటాడు. సీలు చేసిన గొట్టాన్ని విప్పేవారు లేరు, లోపల ఏముందో చూసేవారూ లేరు.

మార్చిలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అందులో తెలుగులో మాట్లాడేవారు ఉన్నారు. అది న్యాయస్థానం కాదు, ఫిర్యాదును కంపెనీకి పంపి సమాధానం అడుగుతుంది, అంతే. అయినా రెండు నెలలుగా కదలనిది రెండు వారాల్లో కదిలింది. జత షాక్ అబ్జార్బర్లు పార్సిల్‌లో వచ్చాయి, ఆర్ముల ఊసు లేదు. అప్పటికే నేను ఆగలేక, షోరూములో కారు కంపెనీ అసలు సామానే దాదాపు రెండింతల ధర పెట్టి కొని వేయించుకున్నాను. వచ్చిన పెట్టె మీద గ్యాసు నింపినవని రాసి ఉంది. అలాంటి షాక్ అబ్జార్బరును నిలబెట్టి రాడ్డును చేత్తో లోపలికి నొక్కి వదిలితే అది తనంతట తాను పైకి రావాలి. మా వాడు రెండింటినీ నొక్కి వదిలాడు. ఒకటి మెల్లగా లేచింది. రెండోది దిగిన చోటే ఉండిపోయింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కారణం తలెత్తిన రెండేళ్ళ లోపు వేయాలి, అయిదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కూలి నష్టం కూడా అందులో కలపాలని, రెండుసార్లు విప్పి బిగించినట్టు ఒక ఉత్తరం రాసి ఇమ్మని మా వాడిని అడిగాను. వాడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ కొంచెంసేపు నిలబడి, ఆ దుకాణంలో తనకు అరువు ఖాతా ఉందని, పేరు బయటికి వస్తే రేపటి నుంచి సామాను రాదని చెప్పాడు. ఇక నేను బలవంతం చేయలేదు. ఫిర్యాదులో మిగతా లెక్కలన్నీ నింపాను, కూలి దగ్గర అంకె వేయలేదు.